ఆఖరి బండికి నూనె డబ్బా

ఆ ఆదివారం పొద్దున్న తవిటయ్య పెట్టుకున్న పని చిన్నది. చద్దన్నం తిని, తెలుగు సంఘం హాలు వెనక రేకుల షెడ్డులో ఉండే శవాల బండి ఇంజనుకి ఒక డబ్బా బిగించి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేయాలి. డబ్బా సరిగ్గా కూర్చుంటే అతనికీ, అతని భార్య పోలమ్మకీ ఆ షెడ్డు పక్కనున్న గది దక్కుతుంది. కూర్చోకపోతే నెలాఖరుకి మూటాముల్లె సర్దుకుని ఖరగ్‌పూర్ విడిచి పోవాలి.

తవిటయ్య రైల్వే కార్ఖానాలో బాయిలర్ షాపు మనిషి. రివెట్లు కొట్టీ కొట్టీ చేతులు కాయలు కాచాయి, ఆ మోతకి చెవులు సగం పోయాయి. డీజిల్ ఇంజన్లు వస్తున్నాయి, ఇక బాయిలర్లతో పనేముంటుందని కార్ఖానాలో అందరూ దిగులుపడుతున్న రోజులవి. తవిటయ్యకి ఆ దిగులు అక్కర్లేకుండా ఆ నెలతోనే నౌకరీ అయిపోతోంది. నౌకరీతోపాటు, రైల్వేవాళ్ళ పేట ట్రాఫిక్‌లో వాళ్ళుంటున్న క్వార్టరూ పోతుంది. పాలకొండ దగ్గర పల్లెలో తమ్ముడున్నాడు. వచ్చి ఉండమన్నాడు కూడా. కానీ ఆ పిలుపులోనే ఎన్నాళ్ళుంటారన్న ప్రశ్న వినిపించింది. పోలమ్మ ఈ రైలు కూతల మధ్యనే పుట్టింది. ఆమెకి పుట్టిన పిల్లలిద్దరూ పసితనంలోనే పోయి కాసాయి ఏటి ఒడ్డున మట్టిలో ఉన్నారు. వాళ్ళని ఇక్కడ విడిచిపెట్టి, తోటికోడలి వంటింట్లో ఒక మూల ఒదిగి కూర్చోవడం తలుచుకుంటేనే ఆమెకి ముద్ద గొంతు దిగడం లేదు.

"ఆ డబ్బాతో గది ఒచ్చేస్తాదంటావా?" అని ఆమె చద్దన్నం పక్కన ఉల్లిపాయ పెడుతూ అడిగింది.

"పొగ ఆగితే గది నీదేరా అని లక్ష్మీపతిబాబు నోటితో అన్నాడు."

"నోటితో అనడానికేటి, ఆ బాబుకి నోరు పెద్దదే."

"ఏటన్నావు?"

"ఏటీ నేదు! తిను!" అని పోలమ్మ గట్టిగా అరిచింది. తవిటయ్య చెవుల పుణ్యమా అని ఆ ఇంట్లో అనుకున్న మాటేదీ ఆ ఇంట్లో ఆగేది కాదు.

ఆ బండి సంగతి చెప్పాలి. యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్ళు వదిలిపెట్టిపోయిన వ్యాను అది. తెలుగు సంఘం వాళ్ళు దానికి నల్లరంగు వేయించి, శవాల్ని కాసాయి ఒడ్డుకి చేర్చడానికి పెట్టుకున్నారు. అందరూ దాన్ని ఆఖరి బండి అంటారు. ఇంజను అరిగిపోయింది. ఇంజను ఊపిరి వదిలే గొట్టం ఒకటి కిందికి వేలాడుతూ ఉంటుంది, దానిలోంచి నూనెతో కలిసిన పొగ గుప్పుగుప్పుమని వచ్చేది. ఆ పొగ నేలలోని కంతల గుండా బండి లోపలికే చేరేది. పడుకుని పోయేవాళ్ళకి దానివల్ల ఇబ్బంది లేదు గాని, పక్కన కూర్చున్నవాళ్ళు ఏడవలేక దగ్గేవాళ్ళు. కొత్తగా తెల్లచీర కట్టిన మనిషి ఆ బండి దిగేసరికి చీర మీద నల్ల చుక్కలు ఉండేవి. చివరికి ఒకరి తండ్రిని బొగ్గులు మోసే తోపుడుబండి మీద తీసుకుపోయారు. అది సంఘానికి తలవంపులైంది. బండిని బాగుచేసి, కనిపెట్టుకుని ఉండేవాళ్ళకి షెడ్డు పక్క గది ఇస్తామని సంఘం సెక్రటరీ లక్ష్మీపతి అప్పుడే అన్నాడు.

ఇంజను గురించి తవిటయ్యకి చెప్పినవాడు రిచర్డ్. మోటారు గరాజీలో మేస్త్రీగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ఆయన. పక్క వీధిలో సొంత ఇల్లు, ఇంటి ముందు గులాబీలు, నోట్లో ఎప్పుడూ చుట్ట.

"చూడు మేన్, ఇంజన్ ముసలిది అయింది. ముసలోళ్ళకి కడుపులో గ్యాస్ వస్తుంది. దాన్ని ఆపకూడదు, పట్టుకోవాలి" అన్నాడాయన, చుట్ట తీసి తవిటయ్య చెవి దగ్గర గట్టిగా. "గొట్టం మూతికి ఒక డబ్బా తగిలించు. డబ్బాలో లేతు మిషను మీద రాలిన ఇనప తురుము కుక్కు. పొగలోని నూనె తురుముకి అంటుకుని అడుక్కి దిగుతుంది. మిగిలిన గాలి పైన ఇంకో కన్నంలోంచి బయటికి పోతుంది. అడుగున ఒక కాక్, చిన్న కుళాయి, పెట్టు. బండి ఒకసారి పోయొచ్చినప్పుడల్లా కాక్ తిప్పి నూనె తీసెయ్. అప్పుడప్పుడు తురుముని కిరసనాయిల్లో కడుగు. బస్."

"అంతేనా?"

"చలికాలంలో నూనె కన్నా నీళ్ళు ఎక్కువ దిగుతాయి. మజ్జిగలాగ ఉంటుంది. భయపడకు. ఔర్ సునో, ఆ పై కన్నం మాత్రం మూయకు. కభీ నహీ. మూసినావంటే లోపల గాలికి దారి ఉండదు."

తవిటయ్య తల ఊపాడు. ఈ మాట ఆయన రెండోసారి చెప్పబోతే, వినపడిందని చెయ్యి కూడా ఊపాడు.

ఆదివారం పని అనుకున్నట్టే సాగింది. ఖాళీ వనస్పతి డబ్బా ఒకటి తీసుకుని మూతికి చుట్టూ మాటు వేశాడు. రెండు రాగి గొట్టాలు అతికాడు. అడుగున పాత ఆవిరి మీటరు కాక్ ఒకటి బిగించాడు. డబ్బా నిండా నీళ్ళు పోసి, ఎండలో పెట్టి, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తుందేమోనని కళ్ళు చికిలించి చూశాడు. చుక్క కూడా కారలేదు. ఇంజను పక్కన ఇనప పట్టీతో దాన్ని అతను నిలబెట్టిన తీరు చూస్తే, ఆ డబ్బా కోసమే మిలిటరీ వాళ్ళు ఆ బండి కట్టారేమో అనిపించేది. చూడటానికి వచ్చిన పోలమ్మ ఆ డబ్బా మెరుపు చూసి, చాలా రోజుల తరువాత కొంచెం నవ్వింది.

సాయంత్రం లక్ష్మీపతి పరీక్షకి వచ్చాడు. పెద్దాఫీసులో హెడ్ క్లర్కు. ఇస్త్రీ పంచె, చేతిలో గొడుగు. వెంట అతని భార్య పినతల్లి కొడుకు సుబ్బరాజు ఉన్నాడు. ట్రాఫిక్‌లో తెలుగువాళ్ళలో లైసెన్సు ఉన్నవాడు అతనొక్కడే కాబట్టి బండి అతనే తోలేవాడు. తండ్రికి మంచి క్వార్టరుంది. అయినా షెడ్డు పక్క గది తనకిమ్మంటున్నాడు, అది స్నేహితులతో పేకాట కోసమని వీధిలో అందరికీ తెలుసు.

బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. సుబ్బరాజు హేండిల్ వేసి తిప్పితే ఇంజను దగ్గి లేచింది. బండి హాలు చుట్టూ తిరిగి వచ్చింది. కింద పొగ లేదు. నేల మీద చుక్క లేదు. లక్ష్మీపతి వంగి చూశాడు, ముక్కు ఎగబీల్చి చూశాడు. తప్పు దొరక్క అతని మొహం వాడుతుండగా, డబ్బా పైకన్నంలోంచి సన్నగా, అగరొత్తి పొగంత ఆవిరి లేవడం కనిపించింది.

"మరదేటి?"

"అది ఉత్త గాలి బాబూ. నూనె డబ్బాలో ఉండిపోయింది."

"గాలి తెల్లగా ఉంటాదేటి, తవిటయ్యా?"

సుబ్బరాజు పళ్ళికిలించాడు. "బాబాయ్, సారా బట్టీ గాని పెట్టినావేటి ఇంజన్లో? రెండు చుక్కలు నాకూ దాసు."

"అసలు పని మీద ఒకసారి బండి పోయి రానీ" అని లక్ష్మీపతి గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "గది మాట అప్పుడు సూద్దాం."

అంటే ఊళ్ళో ఎవరో ఒకరు పోవాలి. పోలమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, ఎవరు పోతారా అని తన మనసు ఇంటింటికీ తిరిగి రావడం గమనించి సిగ్గుపడింది. 

తవిటయ్య బాధ వేరు. బాయిలర్ షాపులో ఆవిరి కారడమంటే మనిషికి మచ్చ. ఎవడు కట్టిన బాయిలర్లోంచి సన్నని ఆవిరి లేచినా పెద్ద మేస్త్రీ సుద్దముక్కతో అక్కడ గుండ్రంగా గీసి, అందర్నీ పిలిచి చూపించేవాడు. తవిటయ్య పనిచేసిన కాలమంతా అతని పని మీద సుద్దముక్క పడలేదు. ఇప్పుడు నౌకరీ ఆఖరి రోజుల్లో, పేకాటరాయుడు ఒకడు తన డబ్బాని సారా బట్టీ అన్నాడు.

"ఆ ఆవిరి కనపడకండా సెయ్యలేవేటి?" అంది పోలమ్మ.

"మూయొద్దని రిచర్డు సెప్పినాడు."

"రిచర్డుకి సొంతిల్లున్నాది. మనకి నేదు."

"అయినా మోటారోడికి ఆవిరి సంగతేటి తెలుస్తాది" అన్నాడు తవిటయ్య. ఆ మాటతో రిచర్డ్ మీద అతనికున్న గౌరవం ఆ ఇంట్లో పక్కకి తప్పుకుంది.

సోమవారం కార్ఖానా కూత అయ్యాక అతను తిన్నగా షెడ్డుకి పోయాడు. టేకుముక్కతో బిరడా చెక్కాడు. సఫేదా, అదే తెల్లరంగు ముద్ద, పట్టించిన జనపనార దానికి చుట్టాడు. పైకన్నంలో పెట్టి చిన్న సుత్తితో చుట్టూ తిరుగుతూ మెత్తగా, ఓపిగ్గా దిగగొట్టాడు. పైన రాగిరేకు మడతపెట్టి మాటు వేశాడు. పని అయ్యాక అక్కడ ఒకప్పుడు కన్నం ఉండేదని కన్నతల్లి కూడా చెప్పలేదు. 

"ఇది ఊడితే నా సెయ్యి నరుక్కుంతాను" అన్నాడు.

ఎవరు పోతారా అన్న పోలమ్మ ఆలోచనకి సమాధానం మంగళవారం తెల్లారేసరికి వచ్చింది. లక్ష్మీపతి అత్తగారు త్రిపురసుందరమ్మ పోయింది.

పోలమ్మ ఆ కబురు విని వాకిట్లోనే కూలబడింది. ఆవిడ మంచాన పడ్డ దగ్గర్నుంచీ మధ్యాహ్నం పూట వెళ్ళి తల దువ్వి, కాళ్ళకి నూనె రాసి వచ్చేది పోలమ్మే. ఒకరోజు దువ్వుతూ దువ్వుతూ, నెలాఖరుకి పోవాలమ్మా, ఇంక ఎవరొచ్చి దువ్వుతారో నీకు, అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ 'ఊఁ' అంది. అంతకు మించి ఏమీ అనలేదు. విన్నదో లేదో కూడా పోలమ్మకి తెలియలేదు.

ఆవిడకీ అల్లుడికీ మాటల్లేవు. పెళ్ళైన కొత్తలో చేపల పులుసులో ఉప్పెక్కువైందని లక్ష్మీపతి అన్నాడు. పులుసు బాగానే ఉంది, నీ నాలికే బాగోలేదని ఆవిడ అంది. అప్పట్నుంచి ఒకే ఇంట్లో ఉంటూ, 'మీ అమ్మని కాఫీ తాగమను', 'మీ ఆయన్ని గొడుగు మర్చిపోవద్దను' అని అతని భార్య లక్ష్మీకాంతం చేతనే రాయబారాలు నడిపారు. లక్ష్మీకాంతం తల్లికీ మొగుడికీ మధ్య తలుపులాగ బతికింది. ఆవిడకి కొడుకుల్లేరు. తలకొరివి అల్లుడే పెట్టాలి.

బండి బయల్దేరింది. ముందు డప్పులు, వెనక జనం. బండి మనిషి నడకతో సమానంగా పోవాలి, అది మర్యాద. పొగ లేదు, వాసన లేదు. లోపల కూర్చున్న లక్ష్మీపతి పంచె తెల్లగానే ఉంది. తవిటయ్య ఇంజను పక్కన చెయ్యి వేసి, పెళ్ళికొడుకు గుర్రాన్ని నడిపిస్తున్నవాడిలా నడిచాడు. పోలమ్మ ఆడవాళ్ళతో వెనక నడుస్తోంది. దింపుడు కళ్ళం దాకా ఆడవాళ్ళు రావచ్చు. ఆవిడ కోసం ఏడుపు వస్తోంది, పొగ రానందుకు ప్రాణం కుదుటపడుతోంది. ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యంగా ఉంది.

రిచర్డ్ నల్లకోటు వేసుకుని సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. బండి పక్కకి రాగానే ముఖం చిట్లించాడు. "తవిటయ్యా, ఇంజన్ ఎందుకు అలా ఉబ్బుకుంటోంది?" అని అడిగాడు. డప్పుల మోతలో అది మామూలు చెవులకే వినపడదు.

ఇందా అనే పేట బజారు దాటాక, రోడ్డు ఏటి వైపు తిరిగే చోట దింపుడు కళ్ళం. బండి ఆగింది. మళ్ళీ హేండిల్ వేసి తిప్పడం కష్టమని సుబ్బరాజు ఇంజను ఆపలేదు. ఎండ చిటపటలాడుతోంది కాబట్టి పాడెని బండి నీడలో, తల ఇంజను వైపు వచ్చేటట్టు దింపారు. డప్పులు ఆగాయి. పోయినవాళ్ళ చెవిలో దగ్గరివాళ్ళు మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతారని ఆశ. ఇన్నేళ్ళలో ఎవరూ పలికింది లేదు గాని, పిలవకుండా ఎవర్నీ పంపనూ లేదు.

లక్ష్మీపతి వంగాడు. ఎన్నో ఏళ్ళ తరువాత అత్తగారిని నలుగురి ముందు పిలవబోతున్నాడు.

"అత్తా" అన్నాడు, పక్కింటివాళ్ళ నిద్ర పాడవకూడదన్నట్టు.

"గట్టిగా పిలవండి, నలుగురూ నవ్వుతారు" అంది లక్ష్మీకాంతం కళ్ళొత్తుకుంటూ.

"అత్తా!" అన్నాడు రెండోసారి. ఇంజను ఒకటే డబడబమంటోంది.

"అత్తోయ్!" అన్నాడు మూడోసారి గొంతెత్తి.

"ఊఁ... ఊఁ... ఊఁ..." అని ఒక మూలుగు వచ్చింది. సన్నగా మొదలై, లావుగా సాగి, మళ్ళీ సన్నబడింది. సరిగ్గా త్రిపురసుందరమ్మ తల వైపు నుంచే.

డప్పులవాళ్ళు డప్పులు అక్కడే వదిలేసి ఇందా వైపు పరుగెత్తారు. సుబ్బరాజు స్టీరింగు దగ్గర్నుంచి కిందికి దూకి, కాలవ దాటి అవతలి గట్టు మీద తేలాడు. టీకొట్టు బెంగాలీ "ఓ మా! కీ హోలో?" అంటూ, ఏమైందో చూద్దామని కేటిల్ పట్టుకునే వచ్చాడు. లక్ష్మీపతి మాత్రం అక్కడే మోకాళ్ళ మీద పడి దండం పెట్టేశాడు.

"ఓలమ్మో! అత్తా! లెగకు, లెగకు! తప్పయిపోనాది! ఆ గది తవిటయ్యోళ్ళకి ఇయ్యరా అని నిన్న సెయ్యి పట్టుకుని సెప్పినావు. అలగే అత్తా అన్నాను. అని, నువ్వు కన్ను మూయకముందే తాళం సుబ్బరాజుకి ఇచ్చేసినాను. బుద్ధి గడ్డి తిన్నాది! ఇచ్చేస్తాను అత్తా, ఇప్పుడే ఇచ్చేస్తాను!"

"ఊఁ..." అని మళ్ళీ మూలిగింది.

"ఒరే సుబ్బరాజూ! ఆ తాళం ఇటు పడీరా! నన్ను మింగేస్తాదిరా!"

కాలవ అవతలి నుంచి తాళంచెవి గాల్లో ఎగిరి వచ్చి దుమ్ములో పడింది. లక్ష్మీపతి మోకాళ్ళ మీదనే పాకుతూ పోయి, దాన్ని తీసి పోలమ్మ చేతిలో పెట్టి, పాడె వైపు తిరిగాడు. "సూసినావా అత్తా? ఇచ్చేసినాను. ఇంక పడుకో."

పోలమ్మ తాళంచెవి మీద గుప్పిట బిగించింది. భయంతో కాదు. ఆ రోజు తల దువ్వుతూ తను అన్నది ఆవిడ విన్నది. విని, తన కోసం ఆ అల్లుడితో మాట్లాడింది. ఇన్నేళ్ళ పంతం తన కోసం విడిచిపెట్టింది. 

అప్పుడు 'ఠప్' మని చప్పుడైంది. నూనె ఎంత ఉందో చూసుకునే పుల్ల ఇంజనులోంచి బాణంలా లేచి, టీకొట్టు పాకలో గుచ్చుకుంది. అది ఉన్న కంతలోంచి నల్లనూనె జల్లులాగ చిమ్మింది. లక్ష్మీపతి జుట్టు, మొహం, పంచె నల్లబడ్డాయి. ముసలావిడ మీద చుక్క కూడా పడలేదు.

ఈ గొడవంతటిలోనూ కదలకుండా నిలబడ్డవాడు తవిటయ్య ఒక్కడే. మూలుగు అతనికి వినపడలేదు. లక్ష్మీపతి ఏడవడం చూసి, చచ్చాక ఎంత ప్రేమ వచ్చిందో అనుకున్నాడు. నూనె చిమ్మాక జనమంతా బండి వైపూ, తన వైపూ చూడటం మాత్రం కనిపించింది. ఆ చూపులు అతనికి తెలిసినవి. బాయిలర్ షాపులో సుద్దముక్క గీత గీసినప్పుడు చూసే చూపులవి.

రిచర్డ్ పరుగున వచ్చి ఇంజను ఆపాడు. రేకు ఎత్తి చూసి తలపట్టుకున్నాడు. "తవిటయ్యా! కన్నం మూసేశావా?"

"నా బిరడా కాదు!" అని తవిటయ్య అరిచాడు. అందర్నీ చేతులతో పిలిచాడు. "రండి, అందరూ రండి, సూడండి! నా బిరడా వెంట్రుకంతైనా కదల్నేదు! సుట్టూ ఎక్కడైనా సెమ్మ ఉంటే సెప్పండి!"

"అది కదల్లేదు కాబట్టే మేన్! గాలికి దారి లేక ఆ పుల్ల కంతలోంచి అరిచింది ఇంజన్!"

"అదీ! ఇంజను అరిచినాది, నా బిరడా కాదు!" అన్నాడు తవిటయ్య గెలిచినవాడిలా. 

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భర్త నోరు మూయడానికి ఆమె వేసిన సైగలన్నీ వృథా అయ్యాయి. బిరడా పరువు నిలబెట్టడానికి అతను, ఆ బిరడా ఎలా చెక్కాడో, నార ఎలా చుట్టాడో, ఎన్ని తడవలు సుత్తి వేశాడో అందరికీ చెప్పేస్తున్నాడు. జనంలో ఒకరు నవ్వారు. తరువాత ఇంకొకరు. డప్పులవాళ్ళు ఒక్కొక్కరే సిగ్గుపడుతూ తిరిగి వచ్చారు. సుబ్బరాజు కాలవ దాటి ఇవతలకి వచ్చి, చొక్కా దులుపుకున్నాడు.

లక్ష్మీపతి లేచాడు. మొహం మీది నూనెని అరచేత్తో తుడుచుకుంటే అది ఇంకా పరుచుకుంది. ఆ నల్లమొహంలో కళ్ళు మాత్రం తెల్లగా, కోపంగా ఉన్నాయి.

"అయితే అది మా అత్త కాదు" అన్నాడు.

"ఇంజను బాబూ" అన్నాడు తవిటయ్య, ఎంతో మర్యాదగా. 

"ఆ తాళం ఇటియ్యి" అని లక్ష్మీపతి పోలమ్మ ముందు చెయ్యి చాపాడు.

పోలమ్మ ఎప్పుడూ ఆ బాబు మొహంలోకి చూసి మాట్లాడింది లేదు. ఇప్పుడు ఆ మొహం నూనెలో ఎక్కడుందో తెలియడం లేదు, బహుశా అందుకే ధైర్యం వచ్చింది. తాళంచెవి కొంగు చివర కట్టి, కొంగు బొడ్డులో దోపుకుంది.

"బాబూ, అరిచింది ఇంజనే. నాను కాదన్ను. గాని నిన్న నువ్వు అలగే అని మాటిచ్చింది ఇంజనుకి కాదు కదా."

నవ్వుతున్నవాళ్ళు ఆపేశారు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. లక్ష్మీకాంతం లేచి వచ్చింది. ఇన్నేళ్ళు తల్లి మాటలు మొగుడికీ, మొగుడి మాటలు తల్లికీ మోసిన మనిషి.

"అమ్మ నీతో మాట్లాడిందా?" అంది.

"ఊఁ" అన్నాడు లక్ష్మీపతి.

"తనంతట తనే? నన్ను పిలవకండా?"

"ఊఁ."

"ఏటని పిలిచినాది నిన్ను?"

లక్ష్మీపతి నేల చూపులు చూశాడు. "నాయనా అన్నాది" అన్నాడు.

లక్ష్మీకాంతం అతని చెయ్యి పట్టుకుని కిందికి దించేసింది. ఆ తరువాత తాళం మాట ఎవరూ ఎత్తలేదు. సుబ్బరాజు ఏదో అనబోయి, అక్క కళ్ళు చూసి, బండి టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగాడు.

నూనె లేని ఇంజను ఇక తిరగదని రిచర్డ్ చెప్పాడు. బండిని అక్కడే వదిలేసి పాడెని భుజాలకెత్తుకున్నారు. ముందు కొమ్ము కింద లక్ష్మీపతి భుజం పెట్టాడు. నల్లని మొహం మీద తెల్లగా రెండు చారలు పడటం అందరూ చూశారు. అది మాత్రం ఇంజను వల్ల కాదని అందరికీ తెలుసు.

ఆడవాళ్ళు అక్కడి నుంచి వెనక్కి తిరిగిపోవాలి. పాడె ఎత్తే ముందు పోలమ్మ ఒక్క క్షణం వంగి, ముసలావిడ నుదుటి మీదికి పడిన వెంట్రుకలు పైకి దువ్వింది. చావు దగ్గర అనకూడదని తెలిసీ, నోరు జారి, "ఎల్లొస్తానమ్మా" అనేసింది.

ఆ సాయంత్రం ఎడ్లబండికి కట్టి లాక్కొచ్చిన వ్యాను దగ్గర తవిటయ్య బిరడా తీయడానికి కూర్చున్నాడు. ఉలి వేశాడు, రాలేదు. పట్టకారు వేశాడు, పట్టకారు వంగింది. దీపాల వేళ దాకా కొట్టి, చివరికి డబ్బా పైభాగమంతా కోసి పారేసి, కొత్త మూత వేసి, దానికి వేలు దూరేంత కన్నం పెట్టాడు. ఈసారి రిచర్డ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, సుత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎంత గట్టి పనో సూసినావా?" అన్నాడు తవిటయ్య, కోసిన ముక్క అతనికి చూపిస్తూ.

"చూశాను. ఊరంతా చూసింది" అన్నాడు రిచర్డ్.

నెలాఖరుకి వాళ్ళ సామాను ఆ గదిలోకి మారింది. ఎక్కువ లేదు, ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, కుంపటి. గదికి ఉన్న ఒక్క కిటికీలోంచి ఆఖరి బండి నల్లటి వెనకభాగం కనిపించేది. బండి పోయొచ్చినప్పుడల్లా కాక్ తిప్పి నూనె పట్టే పని పోలమ్మే నేర్చుకుంది. భర్తని ఆ డబ్బా దగ్గరికి ఒంటరిగా పోనివ్వడం ఆమెకి ఇష్టం లేదు. చలికాలం వచ్చాక రిచర్డ్ చెప్పినట్టే అది మజ్జిగలాగ దిగింది. ఆమె భయపడలేదు. తురుము కిరసనాయిల్లో కడిగి, గోడ మీద ఆరబెట్టి, పక్కన కూర్చుని ఎండ కాచుకునేది. ఎవరూ పొమ్మనని చోటు అది ఒక్కటే.

ఆ గది తలుపు తట్టినవాళ్ళని ఎందుకొచ్చారని ఆమె ఎన్నడూ అడగలేదు. ఎవరు పోయారని మాత్రమే అడిగేది.